మునిగిన సర్వర్, మునగని లెక్కలు

వర్చువల్ మెషిన్ల మీద, విపత్తు వచ్చాక ఆఫీసు సర్వర్లను తిరిగి నిలబెట్టుకోవడం మీద చాలా ప్రశ్నలు వచ్చాయి. చిన్న, మధ్యతరహా సంస్థలకు పనికొచ్చేవాటిని ఏరి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒక అసలు మెషిన్ లోపల సాఫ్ట్‌వేర్ రూపంలో నడిచే విడి కంప్యూటర్ వర్చువల్ మెషిన్. దాన్ని వీఎం అని, వాటిని నడిపే అసలు మెషిన్‌ను హోస్ట్ అని, హోస్ట్ మీద ఉండి వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అని రాశాం. హైపర్-వీ, ప్రాక్స్‌మాక్స్, వీఎంవేర్ వాళ్ల ఈఎస్‌ఎక్స్‌ఐ అలాంటివే.

ప్రశ్న: విజయవాడలో మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు కింది అంతస్తులోకి వచ్చి సర్వర్ మునిగింది. బ్యాకప్ డిస్కు కూడా దాని పక్కనే ఉండేది. ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ట్యాలీ, ఫైల్ షేర్ కలిపి 600 జీబీ దాకా ఉంటాయి. పన్నెండు మంది వాడతారు. కొత్త సర్వర్‌లో వర్చువలైజేషన్ పెట్టించుకోమని వెండర్ అంటున్నాడు. పెట్టిస్తే మళ్లీ వరదొచ్చినా గట్టెక్కుతామా?

జవాబు: అదొక్కటే పెట్టిస్తే గట్టెక్కరు. ఒకే పెట్టెలో నాలుగు వీఎంలు ఉంటే, ఆ పెట్టె మునిగినప్పుడు నాలుగూ మునుగుతాయి. దీని లాభం వేరేచోట ఉంది. మామూలు సర్వర్‌లో విండోస్, డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్ అన్నీ ఆ మదర్‌బోర్డుకీ, డిస్కులను కలిపి నడిపే ఆ రెయిడ్ కార్డుకీ అతుక్కుపోయి ఉంటాయి. అదే మోడల్ దొరక్కపోతే డేటా చేతిలో ఉన్నా అంతా మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాలి. రోజులు పోయేది అక్కడే. వీఎంలో మాత్రం డిస్కు ఒక ఫైలు, సెట్టింగులు ఇంకో చిన్న ఫైలు. వీటి కాపీ నీళ్లు రాని చోట ఉంటే, అదే హైపర్‌వైజర్ వేసిన వేరే కంపెనీ మెషిన్ మీద కూడా స్టార్ట్ అవుతాయి. అందుకని మీ వెండర్‌ని రెండు విషయాలు అడగండి: రెండో కాపీ ఎక్కడ ఉంటుంది? దాన్ని ఏ మెషిన్ మీద నడుపుతాం? ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే కొటేషన్ మీద సంతకం పెట్టకండి.

కొనేముందు ఇంకో రెండు అంకెలు తేల్చుకోవాలి. ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలరు, ఎంతసేపు సర్వర్ లేకుండా ఉండగలరు. మొదటిదాన్ని ఆర్‌పీఓ అని, రెండోదాన్ని ఆర్‌టీఓ అని అంటారు. సంస్థ మొత్తానికి ఒకే అంకె పెట్టుకుంటే డబ్బు వృథా. మీ బిల్లింగ్‌కు గంట డేటా పోయినా కష్టమే, ఎందుకంటే బిల్లుతోపాటు బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ వివరాలు, ఈ-ఇన్‌వాయిస్‌లు ఉంటాయి. ఫైల్ షేర్‌లోని పాత స్కాన్ కాపీలు మాత్రం నిన్నటివి దొరికితే చాలు. బిల్లింగ్ వీఎంకు గంటకోసారి, మిగతావాటికి రాత్రి ఒకసారి కాపీ తీస్తే మీకు సరిపోతుంది.

హోస్ట్‌కు ఎనిమిది కోర్ల ప్రాసెసర్, 64 జీబీ ఈసీసీ (తప్పులను తానే సరిచేసుకునే) ర్యామ్, అద్దం పెట్టినట్టు ఒకే డేటా రాసే 2 ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీలు తీసుకోండి. ర్యామ్ లెక్క ఇది: డేటాబేస్ వీఎంకు 16, ట్యాలీ వీఎంకు 8, ఫైల్ సర్వర్‌కు 8, ఆఫీసు లాగిన్‌లు చూసే డొమైన్ కంట్రోలర్‌కు 4, హోస్ట్‌కు 4. మొత్తం 40. మిగిలినది రేపటి అవసరానికి. ల్యాప్‌టాప్‌లకు వాడే చవక ఎస్‌ఎస్‌డీలు ఇక్కడ పెట్టకండి. కరెంటు పోయిన క్షణంలో రాతలో ఉన్న డేటాను కాపాడే కెపాసిటర్లు వాటిలో ఉండవు, ఎడతెగని రాతలకు వేగం కూడా పడిపోతుంది. ఆఫీసులోనే వేరే గదిలో, పై అంతస్తులో, 2 హార్డ్ డిస్కులున్న బ్యాకప్ మెషిన్ ఒకటి. మూడో కాపీ మాత్రం ఊరు దాటాలి. ఇంకో ఊళ్లో బ్రాంచి ఉంటే అక్కడ 32 జీబీ ర్యామ్ ఉన్న చిన్న మెషిన్ చాలు. విపత్తు రోజున డొమైన్ కంట్రోలర్, బిల్లింగ్, ట్యాలీ వీఎంలు నడిస్తే సరి, వాటి 28 జీబీకి హోస్ట్ 4 కలిపి 32 అవుతుంది. ఫైల్ షేర్ తర్వాత లేపుకోవచ్చు.

లైన్ వేగం లెక్క చాలామంది వదిలేస్తారు. 100 ఎంబీపీఎస్ లైన్ మీద సెకనుకు నికరంగా సుమారు 10 మెగాబైట్లు పోతాయి, అంటే గంటకు 36 జీబీ. మీ 600 జీబీ మొదటిసారి ఎక్కడానికి దాదాపు 17 గంటలు. ఆ తర్వాత రోజూ మారేది 20 జీబీ అనుకుంటే అరగంటలో అయిపోతుంది. ఇబ్బంది తిరిగి తెచ్చుకునేటప్పుడు వస్తుంది, ఆ 600 జీబీ దిగడానికి మళ్లీ అదే 17 గంటలు. అదే ఆఫీసు బ్యాకప్ మెషిన్ నుంచి గిగాబిట్ స్విచ్ మీద అయితే గంటన్నర. ఊరవతలి కాపీ ఉన్న చోటే వీఎంను నడిపే ఏర్పాటు ఉండాలని మేం పట్టుబట్టేది ఇందుకే. కాపీని ఇక్కడికి దించుకుని నడుపుదాం అనే ప్లాన్ కాగితం మీద బాగుంటుంది, వరద రోజున లైను ఉండదు.

మీది రిజిస్టరైన కంపెనీ అయితే ఇంకో మాట. ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే ఖాతా పుస్తకాల బ్యాకప్‌ను భారతదేశంలో ఉన్న సర్వర్‌లో రోజూ ఉంచాలని కంపెనీల అకౌంట్స్ నిబంధనలు 2022 ఆగస్టు సవరణ నుంచి చెబుతున్నాయి. క్లౌడ్ తీసుకుంటే డేటా ఏ దేశంలో ఉంటుందో ముందే ఖాయం చేసుకోండి.

మునిగిన పాత సర్వర్ డిస్కులు ఇంకా ఉంటే వాటికి కరెంటు పెట్టి చూడకండి. డేటా రికవరీ వాళ్లకు మిగిలిన కాస్త అవకాశం కూడా దాంతో పోతుంది.

ప్రశ్న: మా వీఎంకు వారానికోసారి స్నాప్‌షాట్ తీసి ఉంచుతున్నాం. బ్యాకప్ విడిగా అవసరమా? — ఒక కాలేజీ సిస్టమ్ అడ్మిన్, వరంగల్

జవాబు: అవసరమే. స్నాప్‌షాట్ తీయగానే హైపర్‌వైజర్ అసలు డిస్కు ఫైలును అక్కడే ఆపేసి, ఆ తర్వాతి మార్పులన్నీ పక్కన ఇంకో ఫైలులో రాస్తుంది. పాత ఫైలు పాడైతే కొత్తది ఒంటరిగా దేనికీ పనికిరాదు. రెండూ ఒకే స్టోరేజీలో ఉంటాయి కాబట్టి డిస్కు పోతే రెండూ పోతాయి. పైగా మార్పుల ఫైలు పెరిగి పెరిగి స్టోరేజీ నిండిపోతే వీఎం ఆగిపోతుంది. ఒకే స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేర్ సలహా. వారాల తరబడి ఉన్నదాన్ని తీసేసేటప్పుడు రెండు ఫైళ్లను కలపడానికి గంటలు పడుతుంది, ఆ సేపు వీఎం నత్తనడక నడుస్తుంది. అప్‌డేట్ వేసేముందు తీయండి, అంతా సరిగ్గా ఉందని చూసుకుని మర్నాడు తీసేయండి. స్నాప్‌షాట్‌కు అంతవరకే పని.

మీ సిస్టమ్‌లో ఇప్పటికే ఐదారు స్నాప్‌షాట్లు పేరుకుని ఉంటే ఒక్కసారిగా అన్నీ చెరపకండి. ముందు పూర్తి బ్యాకప్ తీసి, స్టోరేజీలో ఖాళీ ఎంతుందో చూసుకుని, సెలవు రోజున ఒక్కొక్కటిగా కలపండి.

ప్రశ్న: మా మిల్లులో విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద నడిచే పాత ఉత్పత్తి సాఫ్ట్‌వేర్ ఉంది. చేసిన కంపెనీ మూతపడింది, ఇన్‌స్టాల్ సీడీ కూడా లేదు. మెషిన్ ఎప్పుడు పోతుందో అని భయంగా ఉంది. ఉన్నదాన్ని ఉన్నట్టే వీఎంగా మార్చవచ్చా? ఏం జాగ్రత్తలు? — మేనేజర్, తణుకు

జవాబు: మార్చవచ్చు. మీలాంటి వాళ్లకు వర్చువలైజేషన్ వల్ల కలిగే మేలు ఇంకెవరికీ ఉండదేమో. మెషిన్ నడుస్తుండగానే ఈ పని చేయండి, చచ్చిపోయాక చాలా కష్టం.

మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల డిస్క్‌టూవీహెచ్‌డీ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. నడుస్తున్న విండోస్‌ను వీఎస్‌ఎస్ (వాడుకలో ఉన్న డిస్కుకు కాపీ తీసే విండోస్ సౌకర్యం) సాయంతో ఒక క్షణం దగ్గర పట్టుకుని వీహెచ్‌డీఎక్స్ అనే వర్చువల్ డిస్కు ఫైలుగా రాస్తుంది. ముందుగా డిస్కుకు చెక్‌డిస్క్ నడిపి తప్పులుంటే సరిచేయండి. షిఫ్టు లేని సమయం చూసి, సాఫ్ట్‌వేర్ సర్వీసులను, డేటాబేస్‌ను ఆపండి. ఫైలును అదే డిస్కు మీద కాకుండా బయటి యూఎస్‌బీ డిస్కు మీద రాయించండి. బూట్‌కు సంబంధించిన చిన్న పార్టిషన్‌ను కూడా టిక్ చేయడం మరిచిపోవద్దు. సీ డ్రైవ్ ఒక్కటే తీసుకుంటే వీఎం బూట్ కాదు.

తర్వాత హైపర్-వీలో వీఎం తయారుచేసేటప్పుడు, పాత మెషిన్ బయోస్ అనే పాత బూట్ పద్ధతితో, ఎంబీఆర్ అనే పాత తరహా పార్టిషన్ల డిస్కుతో నడిచేదైతే జనరేషన్ 1, యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతి అయితే జనరేషన్ 2 ఎంచుకోండి. ఇది తప్పితే నల్ల తెర తప్ప ఏమీ కనిపించదు. ప్రాక్స్‌మాక్స్ మీద పెడితే ఇంకో చిక్కు వస్తుంది. డిస్కును మొదటే వర్ట్‌ఐఓగా (వీఎంల కోసమే చేసిన వేగమైన రకం) తగిలిస్తే, విండోస్ దగ్గర ఆ డ్రైవర్ ఉండదు కాబట్టి బూట్ డివైస్ దొరకలేదంటూ నీలితెర వస్తుంది. మొదట ఐడీఈ లేదా సాటాగా తగిలించి బూట్ చేయండి. 1 జీబీ ఖాళీ డిస్కు ఒకటి వర్ట్‌ఐఓగా అదనంగా చేర్చి, డ్రైవర్లు ఎక్కించి, షట్‌డౌన్ చేసి, అప్పుడు అసలు డిస్కును వర్ట్‌ఐఓకు మార్చండి. వర్ట్‌ఐఓ డ్రైవర్ల కొత్త విడతలు 2012 ఆర్2ను వదిలేశాయి, పాత విడత వెతికి తెచ్చుకోవాలి.

మొదటి బూట్ నెట్‌వర్క్ తీసేసి చేయండి. పాత మెషిన్ కూడా ఆన్‌లో ఉంటే ఒకే పేరు, ఒకే ఐపీతో ఇద్దరు తయారవుతారు. వీఎంలో కొత్త నెట్‌వర్క్ కార్డు కనబడుతుంది, పాత కార్డు దాగి ఉండి ఆ ఐపీని పట్టుకుని వదలదు. డివైస్ మేనేజర్‌లో దాగిన పరికరాలను చూపించమని అడిగి, దాన్ని తీసేసి ఐపీ పెట్టండి. పాత సర్వర్ కంపెనీ వేసిన రెయిడ్, హార్డ్‌వేర్ మానిటరింగ్ ప్రోగ్రాంలను కూడా తొలగించండి.

ఎక్కువమంది ఇరుక్కునేది లైసెన్సు దగ్గర. మెషిన్‌తోపాటు వచ్చిన ఓఈఎం విండోస్ లైసెన్సు ఆ మెషిన్‌కే చెల్లుతుంది, వీఎంకు వేరే లైసెన్సు కొనాలి. మీ ఉత్పత్తి సాఫ్ట్‌వేర్ లైసెన్సు నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్‌కు ముడిపడి ఉంటే, పాత కార్డు అడ్రస్‌ను వీఎంకు స్థిరంగా ఇస్తే నడుస్తుంది. లైసెన్సు యూఎస్‌బీకి తగిలించే డొంగిల్ (తాళంచెవి లాంటి చిన్న పరికరం)లో ఉంటే ప్రాక్స్‌మాక్స్‌లో ఆ పోర్టును నేరుగా వీఎంకు ఇవ్వవచ్చు. హైపర్-వీలో అలా కుదరదు, నెట్‌వర్క్ మీద యూఎస్‌బీని అందించే పెట్టె కావాలి. అయితే డొంగిల్ ఒక్కటే. విపత్తులో అది పోతే వీఎం కాపీలు ఎన్ని ఉన్నా సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. చేసిన కంపెనీ మూతపడిన చోట ఆ డొంగిల్‌ను సర్వర్ కన్నా జాగ్రత్తగా చూసుకోవాలి.

2012 ఆర్2కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2023 అక్టోబరు 10న ముగిసింది. వీఎం అయినంత మాత్రాన దానికి సెక్యూరిటీ రాదు. ఇంటర్నెట్ ఇవ్వకుండా, దానితో పనున్న కంప్యూటర్లకు మాత్రమే అందేలా వేరే వీల్యాన్‌లో (ఆఫీసు నెట్‌వర్క్‌లోనే విడదీసిన భాగం) పెట్టండి.

ప్రశ్న: విశాఖపట్నంలో మా హెడ్ ఆఫీసు, హైదరాబాద్‌లో బ్రాంచి. రెండుచోట్లా విండోస్ సర్వర్ హోస్ట్‌లు ఉన్నాయి. హుద్‌హుద్ లాంటి తుపాను మళ్లీ వస్తే హైదరాబాద్ నుంచి పని సాగాలి. హైపర్-వీ రెప్లికా సరిపోతుందా? అది తనంతట తానే అటు మారుతుందా? — ఐటీ ఇన్‌ఛార్జ్, గాజువాక

జవాబు: సరిపోతుంది. వీఎంలో జరిగే మార్పులను ఇంకో హోస్ట్‌కు పంపుతూ అక్కడ కాపీ ఉంచే ఆ ఫీచర్ విండోస్ సర్వర్‌లోనే ఉంది కాబట్టి దానికి విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. హైదరాబాద్ హోస్ట్‌కూ, దాని మీద లేచే వీఎంలకూ విండోస్ లైసెన్సులు మాత్రం చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్సుతోపాటు మైక్రోసాఫ్ట్ అమ్మే అదనపు ఒప్పందం) ఉంటే విపత్తు కాపీలకు హక్కులు కలిసొస్తాయి.

మార్పులను 30 సెకన్లకు, 5 నిమిషాలకు, లేదా 15 నిమిషాలకు ఒకసారి పంపేలా పెట్టుకోవచ్చు. మీకు 5 నిమిషాలు చాలు. 30 సెకన్లు పెట్టి సన్నటి లైను మీద నడిపితే వెనకబడుతూ పోయి, హెల్త్ కాలమ్‌లో ఎప్పుడూ వార్నింగే కనబడుతుంది. కొన్నాళ్లకు దాన్ని ఎవరూ పట్టించుకోరు, నిజంగా ఆగిపోయినప్పుడు కూడా. రెండు హోస్ట్‌లూ ఒకే డొమైన్‌లో ఉంటే కెర్బెరాస్ అనే డొమైన్ గుర్తింపు పద్ధతితో 80 పోర్టు మీద నడుస్తుంది, కానీ అందులో డేటా ఎన్‌క్రిప్ట్ కాదు. ఊళ్ల మధ్య అయితే సర్టిఫికెట్ పెట్టి 443 మీద నడపండి, లేదా వీపీఎన్ లోపల పంపండి. రెప్లికా హోస్ట్ ఫైర్‌వాల్‌లో లిజనర్ రూల్ మొదట ఆపేసి ఉంటుంది, దాన్ని ఆన్ చేయకపోతే కనెక్షనే కాదు.

మొదటి కాపీని లైను మీద పంపే పని పెట్టుకోకండి. బయటి డిస్కుకు ఎగుమతి చేసి, మనిషి చేత బస్సులో పంపి, హైదరాబాద్‌లో దిగుమతి చేసుకోండి. డిస్కును విండోస్‌లో ఉండే బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేశాకే పంపండి. విండోస్ పేజ్‌ఫైల్‌ను (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే తాత్కాలిక ఫైలు) వేరే వర్చువల్ డిస్కుకు మార్చి, ఆ డిస్కును రెప్లికేషన్ నుంచి మినహాయిస్తే రోజువారీ మార్పుల బరువు బాగా తగ్గుతుంది. గంటకోటి చొప్పున 24 వరకు పాత రికవరీ పాయింట్లు ఉంచుకునే వీలుంది, కనీసం 12 అయినా పెట్టుకోండి. ఎస్‌క్యూఎల్ ఉన్న వీఎంకు కొన్ని గంటలకోసారి వీఎస్‌ఎస్ స్నాప్‌షాట్‌ను కూడా ఆన్ చేయండి. మామూలు రికవరీ పాయింట్ అంటే నడుస్తున్న మెషిన్‌కు ప్లగ్ పీకినప్పటి స్థితి. వీఎస్‌ఎస్ పాయింట్‌లో డేటాబేస్ తన రాతలన్నీ ముగించి ఉంటుంది.

లైను చాలాసేపు తెగిపోతే మార్పుల చిట్టా పెరిగిపోయి, చివరికి రెండు డిస్కులను మొత్తం పోల్చి చూసుకునే రీసింక్ తప్పదు. అది పగలు మొదలైతే ఆఫీసు పని కుంటుపడుతుంది, రాత్రి వేళకే పరిమితం చేయండి. డొమైన్ కంట్రోలర్‌ను రెప్లికా మీద వదలొద్దు. హైదరాబాద్‌లో రెండో డొమైన్ కంట్రోలర్‌ను ఎప్పుడూ నడుస్తూ ఉంచండి, వాటిలోని లాగిన్ల జాబితా అయిన యాక్టివ్ డైరెక్టరీ తన కాపీ తానే చూసుకుంటుంది. ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్‌కు హైపర్-వీ రెప్లికాను మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు.

తనంతట తానే మారుతుందా అంటే, మారదు, ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. మా దృష్టిలో అదే మంచిది. విశాఖ సర్వర్ బతికే ఉండి మధ్యలో లైను మాత్రమే తెగిందనుకోండి. హైదరాబాద్ కాపీ తానే లేచిపోతే రెండుచోట్లా ఒకే ఇన్‌వాయిస్ నంబరుతో వేర్వేరు బిల్లులు పుడతాయి. ఆ రెండు డేటాబేస్‌లను కలపడం తుపాను నష్టం కన్నా పెద్ద పని. తుపానులో ఉన్న సౌకర్యం ఏమిటంటే, వాతావరణ శాఖ హెచ్చరిక ముందే వస్తుంది. తీరం దాటడానికి ముందురోజు సాయంత్రమే ప్లాన్డ్ ఫెయిలోవర్ (ముందే అనుకుని పనిని రెండో చోటికి మార్చడం) చేసేయండి. ముందు విశాఖ వీఎంను మీరే షట్‌డౌన్ చేయాలి, తర్వాత అది చివరి మార్పులు పంపి, హైదరాబాద్‌లో లేపుతుంది, ఒక్క బిల్లు కూడా పోదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటాక విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అప్పుడు బటన్ నొక్కుదామన్నా విశాఖ నుంచి కుదిరేది కాదు, నొక్కాల్సిన మనిషి హైదరాబాద్‌లో ఉండాలి.

వీఎం సెట్టింగుల్లో ఫెయిలోవర్ టీసీపీ/ఐపీ అని ఒక చోటుంది. హైదరాబాద్ ఐపీని అక్కడ ముందే రాసి ఉంచితే లేచేటప్పుడే కొత్త ఐపీతో లేస్తుంది. మీ సర్వర్ పేరును ఐపీకి కలిపే బయటి డీఎన్‌ఎస్ రికార్డుల టీటీఎల్ (పాత అడ్రస్‌ను గుర్తుంచుకునే గడువు) 300 సెకన్లకు తగ్గించి ఉంచండి. 24 గంటలు ఉంటే సర్వర్ పది నిమిషాల్లో లేచినా కస్టమర్లు రోజంతా పాత అడ్రస్‌కే పోతారు.

ప్రశ్న: రాన్సమ్‌వేర్ పడితే రెప్లికా కాపాడుతుందా? — హైదరాబాద్

జవాబు: చాలావరకు కాపాడదు. మెయిన్ సర్వర్‌లో ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయిన ఐదు నిమిషాలకు అక్కడా అవే ఫైళ్లు ఉంటాయి. పాత రికవరీ పాయింట్లు కొంత ఆదుకోవచ్చు, కానీ దాడి చేసేవాళ్లు ముందు లోపలికి చొరబడి రోజుల తరబడి దాగి ఉంటారు, 24 గంటల పాయింట్లన్నీ వాళ్లు లోపల ఉన్నప్పటివే కావచ్చు. వర్చువలైజేషన్‌లో ముప్పు ఒక మెట్టు ఎక్కువే. హోస్ట్ వాళ్ల చేతికి చిక్కితే వీఎంలన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. 2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్‌ఐఆర్గ్స్ అనే దాడి, రెండేళ్ల కిందటే ప్యాచ్ వచ్చిన లోపాన్ని వాడుకుని, ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్ట్‌ల మీద పడింది. విండోస్ జోలికి పోకుండా వీఎం ఫైళ్లనే నేరుగా ఎన్‌క్రిప్ట్ చేసింది.

హోస్ట్ మేనేజ్‌మెంట్ పేజీ ఇంటర్నెట్‌కు కనబడకూడదు. బ్యాకప్ సర్వర్‌ను డొమైన్‌లో చేర్చకండి, పాస్‌వర్డ్ వేరేది పెట్టండి. ఊరవతలి కాపీని ఇక్కడి నుంచి తోయకుండా అక్కడి మెషిన్ తనే లాక్కునేలా పెట్టండి. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌లో సింక్ జాబ్‌తో ఇది సులువు. ఇక్కడి సర్వర్ దొంగల చేతిలో పడినా అక్కడి కాపీని చెరిపే అధికారం ఇక్కడి ఏ ఖాతాకూ ఉండదు. దీనికి తోడు వారానికోసారి యూఎస్‌బీ డిస్కుకు రాసి కేబుల్ పీకేయండి. పాత పద్ధతే, కానీ కేబుల్ లేని డిస్కును ఏ హ్యాకరూ ముట్టుకోలేడు.

బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తే ఆ కీ ఎక్కడుందో చూసుకోండి. కీ కూడా పోయిన సర్వర్‌లోనే ఉంటే మీ బ్యాకప్‌ను మీరే తెరవలేరు. ప్రాక్స్‌మాక్స్‌లో కీని కాగితం మీద ప్రింట్ తీసే సౌకర్యం ఉంది, తీసి లాకర్‌లో పెట్టండి.

దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలని కూడా. ఆ లాగ్‌లు వేరే మెషిన్‌కు పోతుంటేనే దాడి తర్వాత చేతిలో మిగులుతాయి.

ప్రశ్న: వీఎంవేర్ ఖర్చు పెరిగిందని ప్రాక్స్‌మాక్స్‌కు మారదామనుకుంటున్నాం. ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐ మళ్లీ వచ్చిందంటున్నారు, దానితో సరిపెట్టుకోవచ్చా? — గుంటూరు

జవాబు: బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో వీఎంవేర్‌ను కొన్నాక శాశ్వత లైసెన్సులు ఆపేసి చందా పద్ధతికి మార్చింది. ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐని 2024లో తీసేసి 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చింది. కానీ ఉచిత దానిలో బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు హోస్ట్‌తో మాట్లాడటానికి వాడే ఏపీఐ ఉండదు, అంటే వీమ్ లాంటివి హోస్ట్ వైపు నుంచి వీఎంను బ్యాకప్ తీయలేవు. నేర్చుకోవడానికి పనికొస్తుంది, వ్యాపారానికి వద్దు.

ప్రాక్స్‌మాక్స్‌లో ఈఎస్‌ఎక్స్‌ఐ నుంచి నేరుగా దిగుమతి చేసుకునే విజార్డ్ 2024 నుంచి ఉంది. ముందు వీఎంలోని వీఎంవేర్ టూల్స్ తీసేయండి, స్నాప్‌షాట్లు కలిపేయండి, వీఎంను ఆపండి. వర్చువల్ టీపీఎం (ఎన్‌క్రిప్షన్ కీలను దాచే చిప్) ఉన్న వీఎంలో ఆ టీపీఎం రాదు, బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి. రెండు నోడ్లతో (హోస్ట్‌లతో) క్లస్టర్ కడితే ఒకటి పోగానే రెండోది కోరం (సగానికి మించిన ఓట్లు) లేక వీఎంలు స్టార్ట్ చేయనంటుంది. విపత్తు రోజున తెలిస్తే చెమటలు పట్టే సంగతి ఇది. మూడో ఓటు కోసం క్యూడివైస్ అనే చిన్న సర్వీసును వేరే ఏ లైనక్స్ పెట్టెలోనైనా పెట్టండి. నోడ్ల ప్రాసెసర్లు వేర్వేరైతే వీఎం సీపీయూ రకాన్ని హోస్ట్ అని పెట్టకుండా రెండింటికీ ఉమ్మడిగా ఉన్న రకం ఎంచుకోండి.

ప్రశ్న: విపత్తు డ్రిల్ (కాపీలు నిజంగా లేస్తాయో లేదో ముందే చేసి చూడటం) చేయమని ఆడిటర్ అంటున్నారు. నడుస్తున్న వ్యాపారాన్ని ఆపకుండా ఎలా? — ఫైనాన్స్ మేనేజర్, కాకినాడ

జవాబు: సర్వర్ ఫైలుగా ఉన్నందువల్ల వచ్చే మరో సౌకర్యం ఇదే. అసలుది నడుస్తుండగానే దాని కాపీని పక్కన లేపి చూడొచ్చు. హైపర్-వీలో టెస్ట్ ఫెయిలోవర్ చేస్తే నెట్‌వర్క్ లేని కాపీ తయారవుతుంది. దాన్ని ప్రైవేట్ స్విచ్‌కు తగిలించండి. ప్రాక్స్‌మాక్స్‌లో ఏ భౌతిక పోర్టూ లేని బ్రిడ్జ్ (వర్చువల్ స్విచ్) ఒకటి తయారుచేసి, బ్యాకప్‌ను కొత్త నంబరుతో రిస్టోర్ చేసి దానికి కట్టండి. డ్రిల్ కాపీకి ఇంటర్నెట్ ఇవ్వకండి. ఇస్తే షెడ్యూల్‌లో ఉన్న ఎస్‌ఎంఎస్‌లు, బాకీ గుర్తుచేసే మెయిళ్లు కస్టమర్లకు రెండోసారి పోతాయి, ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కు నిజం బిల్లులే ఎక్కుతాయి.

మొదట డొమైన్ కంట్రోలర్, ఐదు నిమిషాలాగి డేటాబేస్, ఆ తర్వాత అప్లికేషన్ లేపండి. వరస తప్పితే సర్వీసులు లాగిన్ దొరక్క ఆగిపోతాయి. లాగిన్ తెర వచ్చిందని సంతోషపడి ఆపేయకండి. చివరి బిల్లు నంబరు ఎంత, అది అసలు సర్వర్‌లో ఎన్ని గంటలకు వేసింది? ఆ తేడాయే మీ నిజమైన ఆర్‌పీఓ. డేటాబేస్‌లో తప్పులున్నాయేమో చూసే డీబీసీసీ చెక్‌డీబీ కమాండ్ నడపండి. అకౌంటెంట్‌ను కూర్చోబెట్టి ఒక బిల్లు వేయించి, ట్రయల్ బ్యాలెన్స్ తీయించి, పోల్చమనండి. ట్యాలీ లైసెన్సు ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పోయిందేమో చూడండి. హార్డ్‌వేర్ మారిందనిపిస్తే మళ్లీ యాక్టివేట్ చేయమంటుంది, ఆ కీ రిజిస్టరైన మెయిల్‌కే వస్తుంది. ఆ మెయిల్ కూడా మునిగే సర్వర్ మీదే ఉంటే ఇప్పుడే మార్చుకోండి.

ప్రతి అంచెకూ గడియారం చూసి టైము రాయండి. పాస్‌వర్డ్ వెతకడానికి పట్టిన సేపు కూడా కలపండి, చాలా ఆఫీసుల్లో రిస్టోర్ కన్నా అదే ఎక్కువ. హోస్ట్‌ల ఐపీలు, లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌లు, లైను ఇచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు కాగితం మీద ఉండాలి. పాస్‌వర్డ్ మేనేజర్ వీఎంలోనే ఉండి, ఆ వీఎం పడుకుంటే తాళం పెట్టెలో, పెట్టె తాళంలో. ఒక వీఎంను నెలకోసారి, మొత్తం వరసను ఆరు నెలలకోసారి చేసి చూస్తే చాలు.

ప్రశ్న: రెండో మెషిన్ కొనే బదులు క్లౌడ్‌లో కాపీ పెట్టుకుంటే? — కర్నూలు

జవాబు: బ్రాంచి లేని సంస్థకు మంచి దారి. అమెజాన్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి రీజియన్లు (డేటాసెంటర్ల సముదాయాలు) ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ అజూర్‌కు పుణె, చెన్నై, ముంబయిలో ఉన్నాయి, దాని సైట్ రికవరీ సేవలో ప్రతి మెషిన్‌కూ మొదటి 31 రోజులు సేవా రుసుము ఉండదు, స్టోరేజీకి మాత్రం కట్టాలి. మామూలు రోజుల్లో డిస్కు అద్దె తప్ప పెద్ద ఖర్చు లేదు, వీఎం లేచిన రోజుల్లోనే ప్రాసెసర్ బిల్లు పడుతుంది. డేటా తిరిగి దించుకునేటప్పుడు జీబీకి ఇంతని వసూలు చేస్తారు, అది ముందే లెక్కేసుకోండి. సర్వర్ క్లౌడ్‌లోనే ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక: 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటాసెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్నవాళ్లలో కొందరు రెండూ పోగొట్టుకున్నారు. కాపీకి వేరే రీజియన్ ఎంచుకోండి.

ప్రశ్న: యూపీఎస్ 30 నిమిషాలు వస్తుంది. కరెంటు పోయినప్పుడు ఆరు వీఎంలు సరిగ్గా ఆగడం లేదు. — ఏలూరు

జవాబు: యూపీఎస్‌ను హోస్ట్‌కు యూఎస్‌బీతో కలిపి, బ్యాటరీ సగానికి రాగానే షట్‌డౌన్ మొదలయ్యేలా పెట్టండి. చివరి ఐదు నిమిషాల దాకా ఆగితే సరిపోదు, పాత బ్యాటరీ చూపించే శాతాన్ని నమ్మలేం. హైపర్-వీలో ఆటోమేటిక్ స్టాప్ యాక్షన్ మొదట్లో సేవ్ అని ఉంటుంది. వీఎంల ర్యామ్ మొత్తాన్ని డిస్కు మీద రాయడానికి చాలాసేపు పడుతుంది, దాన్ని షట్‌డౌన్‌కు మార్చండి. ప్రాక్స్‌మాక్స్‌లో వీఎంకు 180 సెకన్లు గడువు ఇచ్చి తర్వాత బలవంతంగా ఆపేస్తుంది. డేటాబేస్ వీఎంకు ఆ గడువు పెంచండి, అన్నింటిలో గెస్ట్ ఏజెంట్ (హోస్ట్ మాట విని వీఎంను ఆపే చిన్న ప్రోగ్రాం) వేయండి. సిగ్నల్ నెట్‌వర్క్ మీద వచ్చే రకం యూపీఎస్ అయితే మధ్యలో ఉన్న స్విచ్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి. కరెంటు రాగానే వీఎంలు ఒక్కసారిగా లేవకుండా డొమైన్ కంట్రోలర్‌కు రెండు నిమిషాలు, మిగతావాటికి వరసగా మరికొంత ఆలస్యం పెట్టండి.